ఏ లినక్స్ పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్? ఫర్మ్‌వేర్ వివాదం వెనుక కథ

లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్ 12వ వెర్షన్ 2023 జూన్‌లో వెలువడింది. దాని అధికారిక ఇన్‌స్టాలర్‌లో సోర్స్ కోడ్ (మనుషులు చదివి మార్చగల మూలరూపం) దొరకని ఫర్మ్‌వేర్‌ను, అంటే పరికరాల లోపలి చిప్‌లను నడిపే ప్రోగ్రాములను, కూడా చేర్చి ఇచ్చారు. అంతకుముందు ఏడాది డెవలపర్లు ఓటు వేసి తీసుకున్న నిర్ణయం అది. అందుకోసం ఆ ప్రాజెక్టు వాడుకరులకు ఇచ్చిన హామీల పత్రమైన తన సామాజిక ఒప్పందాన్నే సవరించుకోవలసి వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారుపేరుగా నిలిచిన డిస్ట్రో (లినక్స్‌తో కూర్చిన పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్) ఇంతదూరం ఎందుకు వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్లాలి.

1983లో రిచర్డ్ స్టాల్‌మన్ స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. ప్రోగ్రామును ఏ అవసరానికైనా నడుపుకోవడం, చదివి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్ని కూడా పంచుకోవడం అనే నాలుగు హక్కులు ఈ ఉద్యమానికి కొలమానమయ్యాయి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే మూలభాగం) మరుసటి ఏడాది, ఆ హక్కులను కాపాడే జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. అయితే డిస్ట్రో అంటే ఒక్క ప్రోగ్రాము కాదు, వేల ప్యాకేజీల కూర్పు. ప్రతిదాని లైసెన్సునూ ఎవరో ఒకరు చదివి, ఉంచాలో తీసేయాలో తేల్చాలి.

ఆ పనికి రాతపూర్వకమైన నియమాలు పెట్టుకున్నది డెబియన్. ఇయాన్ మర్డాక్ 1993లో ప్రారంభించిన ఈ ప్రాజెక్టుకు స్టాల్‌మన్ సంస్థ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ (ఎఫ్ఎస్ఎఫ్) కూడా ఒక ఏడాది ఆర్థికంగా అండగా నిలిచింది. 1997 నాటి మార్గదర్శకాల ప్రకారం స్వేచ్ఛా ప్యాకేజీలు మాత్రమే ‘మెయిన్’ విభాగంలోకి వస్తాయి; తక్కినవి ‘నాన్-ఫ్రీ’లో ఉంటాయి, అవి డెబియన్‌లో భాగం కావు. భాగం కావంటూనే వాటిని తన సర్వర్లలోనే ఉంచి పంచడమేమిటన్నది ఎఫ్ఎస్ఎఫ్ అభ్యంతరం. దాని లెక్కలో స్వేచ్ఛా డిస్ట్రో అలాంటి ప్రోగ్రాములను ఇవ్వకపోవడమే కాదు, వాటి వైపు దారి కూడా చూపకూడదు. ట్రిస్క్వెల్, పారబోలా, గ్విక్స్ వంటివి దాని ఆమోద జాబితాలో ఉండి డెబియన్ లేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. 2006లో మరో విచిత్రం జరిగింది: మార్చడానికి వీల్లేని భాగాలున్న గ్నూ మాన్యువళ్లు స్వేచ్ఛాయుతం కావని డెబియన్ తీర్మానించి, వాటిని నాన్-ఫ్రీలోకి నెట్టింది. ఎదుటివారి స్వేచ్ఛలో లోపం ఎంచడంలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

అసలు చిక్కు కెర్నల్‌లోనే ఉంది. బ్రాడ్‌కామ్ నెట్‌వర్క్ కార్డులను నడిపేందుకు రాసిన టీజీ3 డ్రైవర్‌లో, చదవదగిన సీ భాష కోడ్ మధ్య ఒకచోట హెక్సాడెసిమల్ (పదహారు ఆధారంగా రాసే) అంకెల వరుసలు పేజీలకొద్దీ సాగేవి. అది కార్డులోని ప్రాసెసర్ నడిపే ఫర్మ్‌వేర్. బయటపెట్టని సోర్స్ నుంచి తయారైనదనీ, హెక్స్ రూపంలో పంచుకోవడానికి మాత్రం అనుమతి ఉందనీ పైన వ్యాఖ్యలోనే రాసి ఉండేది. పేరుకు జీపీఎల్ కెర్నల్, లోపల ఎవరూ సరిచేయలేని అంకెలు. ఇలాంటి ముక్కలన్నిటినీ ఏరేసిన కెర్నల్‌ను లినక్స్-లిబ్రే పేరుతో లాటిన్ అమెరికా ఎఫ్ఎస్ఎఫ్ నిర్వహిస్తోంది. డెబియన్ కూడా 2011లో వచ్చిన 6.0 నాటికి వాటిని కెర్నల్ నుంచి విడదీసింది.

ఫలితం వాడుకరి నెత్తిన పడింది. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ ఫైలు కావాలి. ఇన్‌స్టాలర్ ఆ ఫైలు పేరు చూపి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి పెట్టమని అడిగేది. ఆ ఫైలును దించుకోవడానికి కావలసిన నెట్ మాత్రం ఆ ఫైలు ఉంటేనే వస్తుంది. దాంతో చాలామంది ఫర్మ్‌వేర్ కలిపిన ‘అనధికారిక’ ఇన్‌స్టాలర్‌ను ఆశ్రయించేవారు, దాన్ని తయారుచేసేది కూడా డెబియన్ వారే.

ఎఫ్ఎస్ఎఫ్ వాదనలోనూ ఒక మెలిక ఉంది. తయారీలోనే చిప్‌లో ముద్రించి, మార్చే ఉద్దేశం లేని కోడ్‌ను అది సర్క్యూట్‌తో సమానంగా చూస్తుంది. అదే కోడ్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ లోడ్ చేస్తే మాత్రం ఒప్పుకోదు. ఈ విభజన నాకు అంత నిలకడైనదిగా తోచదు, ఎందుకంటే చిప్‌లో బిగుసుకున్న కోడ్‌ను మార్చే అవకాశం ఎన్నటికీ ఉండదు, లోడ్ చేసేదాన్ని ఏనాటికైనా మార్చవచ్చు. అలాగని ఆ పట్టుదల వృథా అనలేం: అథెరాస్ యూఎస్‌బీ వైఫై చిప్‌లలో కొన్నింటి ఫర్మ్‌వేర్ సోర్స్ 2013లో స్వేచ్ఛా లైసెన్సుతో బయటికి వచ్చింది. అలాంటి హార్డ్‌వేర్ కావాలని అడిగేవారు లేకుంటే ఆ పని జరిగేదని అనుకోవడం కష్టం.

ఇప్పుడు డెబియన్‌లో ఈ ఫైళ్లకు ‘నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్’ అనే ప్రత్యేక విభాగం ఉంది. వద్దనుకున్నవారు బూట్ సమయంలో ఒక ఆప్షన్ ఇచ్చి వాటిని పూర్తిగా ఆపేయవచ్చు. ఎఫ్ఎస్ఎఫ్ జాబితాలో మాత్రం డెబియన్ ఇప్పటికీ లేదు.