‘సినిమా సమాజానికి అద్దం’ అని మాత్రం రాయకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

సినిమాని ఎలా చూడాలో, దాని మీద విమర్శ ఎలా రాయాలో నేర్పే మా కోర్సుకి కొత్త బ్యాచ్ రాగానే నచ్చిన సినిమా మీద ఒక పేజీ రాయిస్తాను. బెజవాడ పిల్లలైనా, గుంటూరు, తెనాలి నుంచి పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి వచ్చేవాళ్ళైనా మొదటి వాక్యం ఒకటే: ‘సినిమా సమాజానికి అద్దం లాంటిది.’ తర్వాత కథ, చివర్లో సందేశం, అంతే సంగతులు.

అపోహ: సినిమా సమాజానికి అద్దం.

వాస్తవం: అద్దం ముందు ఎవరు నిలబడితే వాళ్ళు కనిపిస్తారు. సినిమాలో ఎవరిని చూపించాలి, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేయాలి, ఎవరికి క్లోజప్ ఇవ్వాలి అన్నది ఎవరో కూర్చుని తేల్చిన వ్యవహారం.

‘మిస్సమ్మ’ (1955) సంగతే చూడండి. ఉద్యోగం దొరక్క ఇద్దరు పట్టభద్రులు భార్యాభర్తలమని అబద్ధమాడి ఒక ఊళ్ళో జమీందారు నడిపే బడిలో చేరతారు. ‘ఆ రోజుల్లోనూ నిరుద్యోగం ఉండేది’ అని రాసేసి మా పిల్లలు పేజీ తిప్పేస్తారు. ఆగండి. ఆమె, అంటే మేరీ, క్రైస్తవురాలు, అతను హిందువు. తీరా పెళ్ళి దాకా వచ్చేసరికి మేరీ ఎవరో కాదు, ఆ జమీందారు ఇంట్లో చిన్నప్పుడు తప్పిపోయిన మహాలక్ష్మేనని తేలుతుంది. మతాంతర వివాహం అన్న ప్రశ్నే ఎగిరిపోయింది! 1955 నాటి సమాజం గురించి నాకు నిరుద్యోగం కన్నా ఈ తప్పించుకోవడమే ఎక్కువ చెబుతుంది. పైగా కథకు మూలం బెంగాలీ నాటకం. మరి ఎవరి సమాజానికి అద్దం? (సినిమాని తక్కువ చేస్తున్నాననుకోకండి. ఎప్పుడు వచ్చినా టీవీ కట్టను.)

‘రైతుబిడ్డ’ (1939)లో గూడవల్లి రామబ్రహ్మం జమీందారీ పెత్తనాన్ని ఎండగడితే కొందరు జమీందార్లు మండిపడ్డారు, కొన్నిచోట్ల ఆడనివ్వలేదు. అద్దానికి ఎవరైనా అంత భయపడతారా? ఇంతకీ ఆ సినిమాకి డబ్బు పెట్టింది చల్లపల్లి జమీందారు! ఈ మెలిక వదిలేసి ‘రైతుల కష్టాలు చూపించారు’ అని సరిపెడితే ఏం చదివినట్టు?

ఈ అపోహతో పోయేది మార్కులు కాదు. బెజవాడ అనగానే బయటివాళ్ళు రౌడీలంటే మనకు ఒళ్ళు మండుతుంది. 2011లో ఒక సినిమా పేరులోంచి ‘రౌడీలు’ తీసేదాకా ఊరుకోలేదు. అదే మనం, సినిమాల్లో సుమోలూ బాంబులూ చూసి సీమంటే ఇంతేనని నమ్మేశాం.

ఒక్క సీను సౌండు కట్టేసి చూడండి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు? కాఫీ తెచ్చిన మనిషి ముఖం కనపడిందా, ట్రే పట్టుకున్న చేతులేనా? పోయినేడు ఒకమ్మాయి పెళ్ళిచూపుల సీను ఇలాగే చూసి, “సార్, పెళ్ళికూతురి కంటే స్వీట్ల ప్లేటే ఎక్కువసేపు కనిపించింది” అంది. అప్పటిదాకా క్లాసులో నోరు విప్పని పిల్ల.

మా నాన్న గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రెప్రజెంటేటివ్. సినిమా రీళ్ళ బాక్సు వెంట ఊళ్ళు తిరిగి కలెక్షన్ లెక్క రాసేవారు. లెక్క కింద పెన్సిల్‌తో ‘రెండో పాటకి నేల ఖాళీ’, ‘ఆడవాళ్ళు ఫుల్లు, ఏడుపు సీన్లు ఆడాయి’ అని ఒక ముక్క. విమర్శ పుస్తకాలు ఆయన ముట్టుకోలేదు. హాల్లో ఎవరెక్కడ కూర్చుంటారు, ఎప్పుడు లేచిపోతారు అన్నదీ ఈ చదువులో భాగమేనని నాకు ఆ డైరీలే నేర్పాయి.

మిగతావి త్వరగా కానిచ్చేద్దాం.

అపోహ: ఇలా చూస్తే ఆనందం పోతుంది. మొదటి నెల పోతుంది, నిజమే. తర్వాత వడ్డీతో సహా తిరిగొస్తుంది.

అపోహ: విమర్శంటే రేటింగు. శుక్రవారం మధ్యాహ్నానికల్లా వచ్చే చుక్కలు టికెట్టు కొనాలా వద్దా తేల్చుకోవడానికి. వాటితో మనకు పనిలేదు.

అపోహ: ఇంగ్లీషు రాకపోతే కష్టం. తెలుగులో రాయండి. చూడ్డానికి కళ్ళు చాలు.

అపోహ: కోర్సు చేస్తే డైరెక్టర్ చాన్సు. తల్లులు ఫోన్ చేసి గొంతు తగ్గించి, “మావాడు సినిమాలంటున్నాడండీ, చెడిపోతాడా?” అంటారు. చెడిపోడమ్మా, కంగారు పడకండి. చాన్సు గ్యారంటీ అంటూ లక్షలు అడిగేవాళ్ళకి మాత్రం రూపాయి కట్టకండి. 1960లో ప్రభుత్వం పెట్టిన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కూడా అలాంటి హామీ ఇవ్వదు. అక్కడ డైరెక్షన్ కోర్సులో చేరాలంటే ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందే. కాబట్టి మీవాణ్ణి ముందు ఆ బీకామ్ బ్యాక్‌లాగులు క్లియర్ చేయమనండి.