పారిస్ కమిటీ నోరు నొక్కిన మాట: లంచాల నిఘాకు గండి ఎప్పుడు పడింది?

అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 ఫిబ్రవరి 10న ఒక ఉత్తర్వుపై సంతకం చేశారు. విదేశాల్లో అధికారులకు లంచాలిచ్చే కంపెనీలను శిక్షించేందుకు 1977లో తెచ్చిన ఎఫ్‌సీపీఏ చట్టం అమలును 180 రోజులపాటు నిలిపేయాలన్నది దాని సారాంశం. అప్పటి నుంచి ఒకే ప్రశ్న పదేపదే రాజుకుంటోంది. లంచాల విషయంలో దేశాలను తనిఖీ చేసే అంతర్జాతీయ కమిటీలు ఇన్ని ఉన్నాయి కదా, అవి ఏం చేస్తున్నట్టు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు సాధారణంగా 1970ల్లో అమెరికా విమానాల కంపెనీ లాక్‌హీడ్ విదేశీ పెద్దలకు ముడుపులిచ్చిన కుంభకోణం నుంచి మొదలుపెడతారు. 1997లో పారిస్‌లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) దేశాలు చేసుకున్న లంచాల వ్యతిరేక ఒడంబడిక, 2003లో ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక వరకూ వరసగా చెప్పుకొస్తారు. అది తెలిసిన కథే. నాకు అసలు మలుపు 2006 డిసెంబరు 14 సాయంత్రం లండన్‌లో కనిపిస్తుంది. ట్రంప్ ఉత్తర్వు శీర్షికలో ‘అమెరికా ఆర్థిక, జాతీయ భద్రత’ అనే మాటలున్నాయి. ఆ రెండో మాటను లంచం కేసుకు అడ్డం పెట్టి నెగ్గుకురావచ్చని ఒక సంపన్న ప్రజాస్వామ్య దేశం బాహాటంగా చూపించింది ఆ రోజే.

సౌదీ అరేబియాకు యుద్ధ విమానాలు అమ్మేందుకు 1985లో బ్రిటన్ కుదుర్చుకున్న ఒప్పందం పేరు అల్ యమామా. విమానాల కంపెనీ బీఏఈ. ఈ అమ్మకాల వెనక సౌదీ పెద్దలకు ముడుపులు వెళ్ళాయన్న ఆరోపణలపై బ్రిటన్ తీవ్ర ఆర్థిక నేరాల దర్యాప్తు సంస్థ ఎస్‌ఎఫ్‌ఓ 2004లో విచారణ మొదలుపెట్టింది. తాము తప్పేమీ చేయలేదని బీఏఈ మొదటినుంచీ చెబుతూ వచ్చింది. రెండేళ్ళపాటు లాయర్లు, అకౌంటెంట్లు, పోలీసులు కలిసి కాగితాలు తిరగేశారు. 2006 వేసవికి వాళ్ళ చూపు స్విట్జర్లాండ్ బ్యాంకు ఖాతాల మీద పడింది. సరిగ్గా అప్పుడే సౌదీ వైపునుంచి ప్రధాని కార్యాలయానికి హెచ్చరిక అందింది. విచారణ ఆపకపోతే కొత్త టైఫూన్ విమానాల ఒప్పందం ఉండదు, ఉగ్రవాదులపై నిఘా సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఆగిపోతుంది. ఇదంతా తర్వాత హైకోర్టు తీర్పులో రికార్డయింది.

విచారణ ఆపడానికి ఎస్‌ఎఫ్‌ఓ డైరెక్టర్ రాబర్ట్ వార్డిల్ మొదట్లో ఇష్టపడలేదు. సౌదీలో ఉన్న బ్రిటిష్ రాయబారి ఆయన్ను కలిసి మాట్లాడారు, అదీ ఒకసారి కాదు. బ్రిటిష్ వీధుల్లో బ్రిటిష్ ప్రాణాలకు ముప్పు వస్తుందన్నది ఆ మాటల సారం. డిసెంబరు 8న ప్రధాని టోనీ బ్లెయిర్ స్వయంగా అటార్నీ జనరల్‌కు నోట్ రాశారు. డిసెంబరు 14న వార్డిల్ విచారణ ఆపేశారు. అటార్నీ జనరల్ లార్డ్ గోల్డ్‌స్మిత్ ఆ సంగతి ప్రభువుల సభలో ప్రకటించారు. తర్వాతి ఏడాది సెప్టెంబరులో 72 టైఫూన్లకు సౌదీ ఒప్పందం ఖరారైంది.

ఇక్కడ పారిస్ ఒడంబడికలోని 5వ అధికరణ దగ్గర కాసేపు ఆగాలి. విదేశీ అధికారికి లంచం ఇచ్చిన కేసులో దర్యాప్తుపై మూడు విషయాల ప్రభావం పడకూడదని అది తేల్చి చెబుతుంది. దేశ ఆర్థిక ప్రయోజనం, మరో దేశంతో సంబంధాలపై పడే ప్రభావం, కేసులో ఉన్న వ్యక్తులు లేక సంస్థలు ఎవరన్నది. ఇందులో ‘దేశ భద్రత’ అన్న మాట లేదు. బ్రిటన్ వాదన అంతా ఆ లేని మాట మీదే నిలబడింది. మేం ఆపింది వ్యాపారం కోసం కాదు, సౌదీతో స్నేహం కోసమూ కాదు, మా పౌరుల ప్రాణాల కోసం అని ప్రభుత్వం చెప్పింది.

ఈ ఒడంబడిక అమలును తనిఖీ చేసే కమిటీ, పారిస్‌లో ఉన్న ఓఈసీడీ వర్కింగ్ గ్రూప్, దీన్ని తేలిగ్గా వదల్లేదు. ఈ గ్రూప్ పనితీరు గురించి తెలుగులో చాలా తక్కువ రాశారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. ఒక్కో దేశాన్ని తనిఖీ చేసే పని మరో రెండు దేశాల అధికారులకు అప్పగిస్తారు. వాళ్ళు ఆ దేశానికి వెళ్ళి ప్రాసిక్యూటర్లతో, జడ్జీలతో, పన్నుల అధికారులతో, కంపెనీలతో, విలేకరులతో, స్వచ్ఛంద సంస్థలతో కూర్చుంటారు. నివేదికను గ్రూప్‌లోని అన్ని దేశాల ముందు పెడతారు. తనిఖీకి గురైన దేశం తన వాదన చెప్పుకోవచ్చు. నివేదికను మాత్రం అడ్డుకోలేదు, ఆమోదంలో దానికి వీటో లేదు. ఆమోదించిన నివేదిక మొత్తం బయటికి వస్తుంది. సమావేశాల్లో వరసగా ఒక్కో దేశం ప్రతినిధీ తమ దగ్గర నడుస్తున్న కేసుల సంగతి చెప్పాలి, మిగతావాళ్ళు ప్రశ్నలు వేస్తారు. అంటే ఇక్కడ చట్టం పుస్తకంలో ఏముందన్నదొక్కటే చర్చ కాదు, ఫలానా కేసు ఎందుకు ఆగిందన్నదీ చర్చకు వస్తుంది. అంతర్జాతీయ తనిఖీల్లో ఇంత పట్టున్న పద్ధతులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

2007 జనవరిలో గ్రూప్ బ్రిటన్‌పై తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. మార్చిలో అదనపు తనిఖీకి నిర్ణయించింది. అప్పుడు గ్రూప్ అధ్యక్షుడు స్విస్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ మార్క్ పీత్. ఆయన్ను ఆ పదవినుంచి తప్పించేందుకు బ్రిటన్ పావులు కదుపుతోందని ఆ ఏప్రిల్‌లో లండన్ పత్రికలు రాశాయి. బ్రిటన్ కాదంది. పీత్ 2013 దాకా ఆ కుర్చీలోనే ఉన్నారు.

ఈలోగా రెండు స్వచ్ఛంద సంస్థలు కోర్టుకెళ్ళాయి. 2008 ఏప్రిల్ 10న హైకోర్టు విచారణ ఆపడం చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. బయటివాళ్ళు బెదిరిస్తే చట్టం తలవంచడం కుదరదన్నది ఆ తీర్పు ఆత్మ. జులై 30న, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత కోర్టుగా కూడా పనిచేసిన ప్రభువుల సభలోని న్యాయమూర్తులు అయిదుగురూ దాన్ని కొట్టేశారు. డైరెక్టర్ తన ముందున్న పరిస్థితిలో ఆ నిర్ణయం తీసుకోవచ్చన్నారు. బెదిరింపులకు లొంగాల్సి రావడం తనకు ఎంతమాత్రం రుచించడం లేదని న్యాయమూర్తి బ్రెండా హేల్ రాశారు, అయినా మిగతావాళ్ళతో ఏకీభవించారు. నా దృష్టిలో ఇంకా ముఖ్యమైన సంగతి మరొకటుంది. 5వ అధికరణకు అసలు అర్థమేమిటన్నది బ్రిటిష్ కోర్టు తేల్చబోలేదు. అది పారిస్ గ్రూప్ చూసుకోవాల్సిన పని అన్నట్టు వదిలేసింది. పారిస్ గ్రూప్ చేతిలో కోర్టు లేదు, జరిమానా లేదు. ఉన్నదల్లా నివేదిక.

ఆ నివేదిక 2008 అక్టోబరులో వచ్చింది, ఘాటుగానే వచ్చింది. అప్పటికి బ్రిటన్ లంచాల చట్టాలు 1889, 1906, 1916 నాటివి. వాటిని మార్చకపోతే బ్రిటిష్ కంపెనీలతో వ్యవహరించేటప్పుడు భాగస్వాములు, అభివృద్ధి బ్యాంకులు మరింత జాగ్రత్త పడాల్సి రావచ్చని హెచ్చరించింది. మర్యాదగా చెప్పినా వ్యాపారం మీద దెబ్బ పడుతుందన్న సంకేతమది. అది పనిచేసింది. 2010 ఏప్రిల్‌లో బ్రిటన్ కొత్త లంచాల చట్టం చేసింది, 2011 జులైలో అమల్లో పెట్టింది. ప్రపంచంలో కఠినమైన వాటిలో ఒకటిగా ఈనాటికీ దానికి పేరుంది. బీఏఈ విషయం కూడా పూర్తిగా సమసిపోలేదు. 2007లో అమెరికా న్యాయశాఖ తనంతట తానుగా కేసు అందుకుంది. 2010లో కంపెనీ అమెరికా ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చినట్టు ఒప్పుకుని 40 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. లంచం ఇచ్చామని మాత్రం ఒప్పుకోలేదు.

పైకి చూస్తే ఇది తనిఖీ గెలిచిన కథ. చాలామంది అలాగే చెబుతారు కూడా. నేను ఒప్పుకోను. బ్రిటన్ చట్టం మారింది, మంచిదే. ఒడంబడిక పాఠం మాత్రం ఈనాటికీ మారలేదు, ‘దేశ భద్రత’ను ఆ నిషేధాల జాబితాలో ఎవరూ చేర్చలేదు. ఆపేసిన కేసు మళ్ళీ తెరుచుకోలేదు. పైగా 2006లో బ్రిటన్ చేయని పనిని చేసిపెట్టింది వాషింగ్టన్. అంటే పారిస్ గ్రూప్ చేతికి నిజమైన కర్ర అమెరికా న్యాయశాఖే. ఒక దేశం వెనక్కి తగ్గితే ఇంకో దేశం కేసు అందుకుంటుంది, ఆ ఇంకో దేశం చాలావరకు అమెరికాయే. ఆ అమెరికాయే ఒకరోజు వెనక్కి తగ్గితే ఏమవుతుందన్న ఆలోచన అప్పుడెవరికీ రాలేదు.

2006లో పారిస్ గ్రూప్ పరువు పోవడం దగ్గరుండి చూసిన మిగతా ప్రపంచం, తన తనిఖీని తాను రాసుకునే అవకాశం వచ్చినప్పుడు ఏం చేసిందో చూడండి. 2009 నవంబరులో దోహాలో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక దేశాలు సమీక్షా విధానాన్ని ఖరారు చేశాయి. చీటీలు తీసి రెండు దేశాలను ఎంపిక చేస్తారు, అందులో ఒకటి అదే ప్రాంతానికి చెందింది. సమీక్షకు వచ్చిన దేశం తనే ఒక ప్రశ్నపత్రం నింపుతుంది. సమీక్షకులు ఆ దేశానికి రావాలంటే ఆ దేశం ఒప్పుకోవాలి. చివరి నివేదికకూ ఆ దేశం సమ్మతి కావాలి. సారాంశం మాత్రమే బయటికి వస్తుంది, పూర్తి నివేదిక రహస్యం. కావాలనుకుంటే ఆ దేశమే ప్రచురించుకోవచ్చు. దేశాలకు ర్యాంకులుండవు, శిక్షలుండవు. సమీక్షా బృందం సమావేశాల్లో స్వచ్ఛంద సంస్థలకు చోటు లేదు, బయట ఒక బ్రీఫింగ్‌తో సరిపెడతారు. పరీక్ష రాసినవాడి చేతికే జవాబు పత్రం ఇచ్చి, చూపిస్తే చూపించు లేకపోతే లేదు అన్నట్టుంటుంది ఈ పద్ధతి.

దీన్ని సమర్థించేవాళ్ళ మాట కూడా ఉంది. 190కి పైగా దేశాలను ఒకే గొడుగు కిందకు తేవాలంటే, సార్వభౌమత్వం గురించి భయపడే దేశాలను లోపలికి రానివ్వాలంటే ఇంతకంటే గట్టి నిబంధనలు సాధ్యం కావంటారు.

భారత్ ఈ గొడుగు కిందే ఉంది. 2005 డిసెంబరులో సంతకం చేసి, 2011 మేలో ఆమోద పత్రం ఇచ్చింది. ఉపయోగం లేదని అనలేం. లంచం ఇవ్వడాన్ని విడిగా నేరం చేసి, కంపెనీలనూ బాధ్యుల్ని చేస్తూ 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించడం వెనక ఆ ఒడంబడిక ఒత్తిడి ఉంది. కానీ అదే ఒడంబడికలోని 16వ అధికరణ, విదేశీ అధికారులకు లంచం ఇవ్వడాన్ని నేరం చేయమంటుంది. దానికోసం 2011 మార్చిలో లోక్‌సభలో బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి వెళ్ళింది. 2014లో సభ గడువు ముగిసి మురిగిపోయింది. భారతీయ కంపెనీ ఆఫ్రికాలోనో మధ్య ఆసియాలోనో మంత్రికి ముడుపు ఇస్తే ఇక్కడ శిక్షించే ప్రత్యేక చట్టం రాలేదు. పారిస్ ఒడంబడికలోనూ భారత్ లేదు. అందువల్ల ఆ గ్రూప్ ముందు మన కేసుల గురించి జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ పడదు.

తెలుగు పాఠకులకు ఈ లోటు ఎంత దగ్గరిదో 2024 నవంబరులో బయటపడింది. సౌర విద్యుత్ కొనుగోళ్ళ కోసం అదానీ గ్రూప్ పెద్దలు, మరికొందరు భారత అధికారులకు రూ.2,000 కోట్లకు పైగా ముడుపులు ఇవ్వజూపారని న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో ప్రాసిక్యూటర్లు అభియోగపత్రం తెరిచారు. అందులో రూ.1,750 కోట్లు ఒక్క ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినవేనని ఆరోపించారు. అదానీ గ్రూప్ ఇవి నిరాధారమని చెప్పింది. తమ పెద్దలపై ఉన్నవి సెక్యూరిటీల మోసం అభియోగాలే తప్ప ఎఫ్‌సీపీఏ కింద కాదని స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం కేంద్ర సంస్థ సెకీతోనే ఒప్పందం చేసుకుందని, అదానీతో నేరుగా లావాదేవీ లేదని ఆ పార్టీ ఖండించింది. ఆరోపణలు ఆరోపణలే. నా అభ్యంతరం వేరే. 2021 డిసెంబరులో యూనిట్ రూ.2.49 చొప్పున 7,000 మెగావాట్లకు కుదిరిన ఒప్పందమిది. నెలనెలా కరెంటు బిల్లు కట్టే మనిషికి సంబంధించిన సంగతి బ్రూక్లిన్‌లో బయటికి రావాల్సిన గతి ఎందుకు పట్టింది? దోహాలో రాసుకున్న సమీక్ష ఇలాంటి కేసును ఎప్పటికీ పట్టుకోదు. దాని పని చట్టాలనూ వ్యవస్థలనూ చూడటం. ఒక కేసు ఎందుకు కదలడం లేదని అడిగే అధికారం దానికి ఇవ్వలేదు.

మళ్ళీ 5వ అధికరణ దగ్గరికి వస్తే, బ్రిటన్ తెరిచిన సందులోకి మిగతావాళ్ళూ తొంగిచూశారు. కెనడాలో ఎస్‌ఎన్‌సీ లావలిన్ కంపెనీపై లిబియా లంచాల కేసును రాజీతో ముగించమని ప్రధాని ట్రూడో కార్యాలయం అటార్నీ జనరల్ జోడీ విల్సన్ రేబౌల్డ్‌పై ఒత్తిడి తెచ్చిందన్న వివాదం 2019లో పెద్దదైంది. ఉద్యోగాలు పోతాయన్నది ప్రభుత్వ వాదన. దేశ ఆర్థిక ప్రయోజనం 5వ అధికరణలో స్పష్టంగా నిషేధించిన సాకు కాబట్టి, అక్కడ పారిస్ గ్రూప్ బాహాటంగా ఆందోళన తెలపగలిగింది. అదే ఏడాది నవంబరులో బ్రెజిల్‌కు ఉన్నతస్థాయి బృందాన్ని పంపింది. 2021లో బ్రెజిల్‌పై ప్రత్యేకంగా ఒక ఉపసంఘాన్నీ పెట్టింది. కెనడా, బ్రెజిల్ లాంటి దేశాల దగ్గర గ్రూప్ గొంతు బాగానే లేస్తుంది.

2025 ఉత్తర్వులో వాడిన మాటలు అందుకే నన్ను కలవరపెడతాయి. అమెరికా కంపెనీలకు పోటీలో నష్టం జరుగుతోందన్నది ఆర్థిక వాదన, అది 5వ అధికరణలో నిషిద్ధం. కీలక ఖనిజాలు, లోతు రేవులు లాంటివి దక్కించుకోవడం భద్రతకు అవసరమన్నది రెండో వాదన, దాని మీద ఒడంబడికలో మాట లేదు. రెండింటినీ ఒకే శీర్షికలో కలిపేశారు. జూన్ 9న న్యాయశాఖ కొత్త మార్గదర్శకాలిచ్చి అమలును మళ్ళీ మొదలుపెట్టింది. కానీ అమెరికా ప్రయోజనాలకు ఏ కేసు ఎంత ముఖ్యమన్నదే ఇప్పుడు కొలబద్ద.

ఉత్తర్వు వచ్చిన నెలన్నర లోపే, 2025 మార్చి 20న, బ్రిటన్ ఎస్‌ఎఫ్‌ఓ, ఫ్రాన్స్ ఆర్థిక నేరాల ప్రాసిక్యూటర్ కార్యాలయం, స్విట్జర్లాండ్ అటార్నీ జనరల్ కార్యాలయం కలిసి లంచాల కేసులపై ఉమ్మడి టాస్క్‌ఫోర్స్ ప్రకటించాయి. 2006లో స్విస్ బ్యాంకు కాగితాల దగ్గర ఆగిపోయిన ఎస్‌ఎఫ్‌ఓ, ఇప్పుడు స్విస్ ప్రాసిక్యూటర్లతోనే చేయి కలిపింది. సౌదీ లాంటి కొనుగోలుదారు, టైఫూన్ లాంటి ఒప్పందం మళ్ళీ ఎదురైనప్పుడు ఈ మూడు దేశాల ప్రభుత్వాలు తమ ప్రాసిక్యూటర్లను వాళ్ళ పని వాళ్ళను చేసుకోనిస్తాయా అన్నది చూడాలి. పారిస్ గ్రూప్‌కు కూడా ఒక పని మిగిలి ఉంది. అమెరికాపై దాని గత పూర్తి తనిఖీ నివేదిక 2020 నవంబరులో వచ్చింది. తర్వాతి తనిఖీలో ‘దేశ భద్రత’ లంచం కేసుకు సాకు అవుతుందా కాదా అన్నది అది వాషింగ్టన్ ప్రతినిధుల మొహం మీదే అడగాలి, జవాబును 2008లో లాగా పూర్తిగా అచ్చు వేయాలి.