పెద్ద కుందేలుకు ఇల్లు చూసే ముందు

తిరుపతి,
మాఘ మాసం.

చిరంజీవులకు మీ అవ్వ ఆశీర్వదించి వ్రాయునది.

మీ ఉత్తరమూ, దానితో పాటు మీరు పంపిన పంజరం ఫోటో అందాయి. ఉగాది వెళ్ళాక న్యూజిలాండ్ వైట్ జాతి కుందేలు పిల్లను చిత్తూరుకు తెచ్చుకుంటున్నామనీ, ఈ గులాబీ రంగు పంజరం కొనమంటావా అనీ అడిగారు. ఆ పంజరం కొనవద్దు. వద్దు అన్న ఒక్క మాటతో ఊరుకుంటే మీకు కష్టంగా ఉంటుంది కనుక, ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను. మీ నాన్నను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మీరు తెచ్చుకునే నాటికి ఆ పిల్ల రెండు దోసిళ్ళలో ఇమిడిపోతుంది, ఫోటోలోని పంజరంలో పెడితే ఇంకా చోటు మిగిలినట్టే కనిపిస్తుంది. అయితే ఆ జాతి కుందేలు ఏడాది తిరిగేసరికి 4 నుంచి 5 కిలోల బరువు తూగుతుంది, కాళ్ళు బారజాపి పడుకుంటే దాదాపు రెండడుగుల పొడవు ఉంటుంది. ఫ్లెమిష్ జెయింట్ వంటి జాతులైతే 6 కిలోలు కూడా దాటిపోతాయి. మీరు చూసిన పంజరం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు అని రాశారు. అంటే ఎదిగిన కుందేలు అందులో ఒక్క గెంతు కూడా వేయలేక, అటు తిరిగితే గోడ, ఇటు తిరిగితే గోడగా, బాగా చూసుకుంటే బ్రతికే ఏడెనిమిదేళ్ళూ గడపాలి. పైఅంతస్తు ఉంది కదా అని మీకు అనిపించవచ్చు. ఇంత బరువున్న కుందేలుకు ఆ సన్నని నిచ్చెన పనికిరాదు, దిగేటప్పుడు కాలు జారితే ఎముక విరగవచ్చు. కుందేలు వెనక కాళ్ళ కండ చాలా బలమైనది, వెన్నెముక మాత్రం దానికి తగినంత గట్టిది కాదు. కాబట్టి అంతస్తులను లెక్కలోకి తీసుకోకండి, నేల మీద ఎంత చోటు ఉందో అదే కొలవండి. పిల్లను చూడడానికి వెళ్ళినప్పుడు దాని తల్లిని కూడా చూపించమని ఆ రైతును అడగండి, ఇల్లు ఆ తల్లి కొలతకు సరిపోవాలి.

ఇంటి సంగతి కంటే ముందు చోటు సంగతి తేల్చుకోవాలి. మన ప్రాంతంలో కుందేలుకు మొదటి శత్రువు ఎండ, పిల్లీ కుక్కా ఆ తరువాతే వస్తాయి. పెంపుడు కుందేళ్ళ పూర్వీకులు ఐరోపాలోని ఐబీరియా ద్వీపకల్పంలో, అంటే ఇప్పటి స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న చోట, నేలలో బొరియలు తవ్వుకుని బ్రతికేవి. పగటి ఎండ వేళ ఆ చల్లని బొరియల్లో పడుకుని, తెల్లవారుజామునా సందెవేళా బయటికి వచ్చి మేసేవి. వాటికి మనలాగా చెమట పట్టదు, ఒంట్లోని వేడిని ఎక్కువగా చెవుల గుండానే బయటికి పంపుకుంటాయి. 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం వాటికి హాయిగా ఉంటుంది, 30 దాటితే ఒంటికి భారమవుతుంది, ఇంకా పెరిగితే ప్రాణం మీదికే వస్తుంది. మా తిరుపతిలో మే నెలలో 40 దాటడం మామూలు, చిత్తూరు కొంచెం మెరుగైనా కత్తెర ఎండల్లో కుందేలుకు ఆ తేడా చాలదు. ఒళ్ళు పెద్దదైన కొద్దీ వేడి వదిలించుకోవడం మరీ కష్టం, అందుకే చిన్న కుందేళ్ళు ఓర్చుకున్న ఎండను పెద్దవి ఓర్చుకోలేవు.

ఇక్కడే మరొక మాట. శేషాచలం కొండల కింద పొలాల్లో కనిపించే చెవులపిల్లి మీ కుందేలుకు చుట్టమే గాని దాని జాతి వేరు. అది బొరియ తవ్వదు, పొదల చాటున పడుకుంటుంది, మన ఎండలకు అలవాటు పడింది. దానిని పట్టి ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఎవరైనా అడవి చెవులపిల్లి కూనను తెచ్చి అమ్మజూపితే, ఎంత ముద్దుగా ఉన్నా తీసుకోకండి.

మీరు మూడు చోట్లు రాశారు: మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన, మెట్ల కింద, హాలులో తూర్పు మూల. మిద్దెను ఈ క్షణమే మరిచిపోండి. మా వీధిలోనే ఒక ఇంటివారు ట్యాంకు నీడలో పంజరం పెట్టి పొద్దునే పెళ్ళికి వెళ్ళారు, నీడ మధ్యాహ్నానికి అవతలి వైపు జరిగిపోయింది, సాయంత్రం వారు తిరిగి వచ్చేసరికి ఆ కుందేలు ప్రాణం పోయి ఉంది. నీడ ఒక చోట నిలవదన్న సంగతి వారికి తెలియనిది కాదు, ఆ తొందరలో తట్టలేదంతే. ఆ ఇంటి పిల్ల ఏడ్చిన ఏడుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. రేకుల కప్పు కింద కూడా పెట్టకండి, రేకు కింద గాలి మిద్దె కంటే ఘోరంగా ఉడుకుతుంది.

మెట్ల కింద చోటు చూడడానికి బాగుంటుంది. అయితే మీ మెట్లు పడమటి గోడకు ఆనుకుని ఉన్నట్టు నాకు గుర్తు. సాయంత్రం నాలుగు గంటలకు ఆ గోడ మీద అరచేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే ఆ గోడ రాత్రి పది దాకా వేడిని కక్కుతూనే ఉంటుంది. పైగా అక్కడ మూడు వైపులా మూసి ఉండటం వలన గాలి ఆడదు, మూత్రం ఘాటు అక్కడే నిలిచిపోతుంది. ఆ ఘాటు కుందేలు ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. మనం నిలబడి ఉన్నప్పుడు మన ముక్కుకు తగలదు కాబట్టి, కుందేలు ఉండే చోట నేల మీద బోర్లా పడుకుని, దాని ముక్కు ఉండే ఎత్తులో మన ముక్కు పెట్టి వాసన చూడాలి. కళ్ళు మండితే అది ఇల్లు కాదు.

నా మాట వింటే హాలులో తూర్పు మూల ఎన్నుకోండి. పొద్దుటి ఎండ కొంచెం పడినా తొమ్మిదికల్లా పోతుంది, మనుషులు తిరిగే చోటు కాబట్టి కుందేలు నలతగా ఉంటే ఎవరో ఒకరికి కంటపడుతుంది. ఆరుబయట ఉంచితే పిల్లులు, పందికొక్కులు, ముంగిసలు, పాములు, వీధి కుక్కలు వాటికి ఎంత పెద్ద గండమో నేను వేరే చెప్పనవసరం లేదు. కుక్క పట్టుకోనక్కరలేదు, పంజరం చుట్టూ తిరిగి మొరిగినా చాలు, బెదిరిన కుందేలు ఎగిరి గోడకు కొట్టుకుని వెన్ను విరగ్గొట్టుకోగలదు, భయంతోనే ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. మా గంగమ్మ జాతర డప్పులకూ దీపావళి టపాసులకూ కూడా అవి అలాగే అదిరిపడతాయి. ఆ రోజుల్లో ఇంటి లోపలి గదిలో, ఒక వైపు దుప్పటి కప్పి ఉంచాలి. ఇక 2021 నవంబరులో మా తిరుపతి వీధుల్లో వరద పారినప్పుడు నేల మీదున్న ప్రతి వస్తువూ తడిసింది కనుక, ఆరుబయట ఇల్లు కట్టేవారు ఈశాన్య రుతుపవనాల వానను కూడా లెక్కలో పెట్టుకోవాలి. మీకు ఆ బాధ లేదు.

చోటు తరువాత నేల. దీని గురించి నేను ఎక్కువ రాయడానికి కారణం మా బూడిదమ్మ. మీ తాత ఉన్న రోజుల్లో మేము ఒక పెద్ద బూడిద రంగు కుందేలును పెంచాము. ఒక దుకాణంలో కంపి నేల, అంటే ఇనుప తీగల నేల, ఉన్న పంజరం ఇచ్చారు, పెంట కిందికి రాలిపోతుంది, శుభ్రం చేసే పని ఉండదు అన్నారు, మేమూ నమ్మాము. ఎనిమిది నెలలు గడిచాక అది ఒక చోట కుదురుగా కూర్చోవడం మానేసింది, బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉండేది. ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూస్తే వెనక పాదాల కింద బొచ్చు రాలి, ఎర్రగా పుండు పడి ఉంది. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు పాదం కింద మెత్తని చర్మపు దిండు ఉండదు, బొచ్చే దానికి చెప్పు. కంపి మీద, అదీ ఆ బరువుతో, ఆ బొచ్చు ఎంత కాలం నిలుస్తుంది? 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు కాబట్టి డాక్టరు దొరకడం మాకు కష్టం కాలేదు, కాని ఆ పుండ్లు మానడానికి నెలలు పట్టింది. అన్నాళ్ళూ అది నొప్పితో ఉండి కూడా ఒక్క అరుపు అరవలేదు. కుందేలు నొప్పిని దాచుకునే జంతువు, అది చెప్పదు, మనమే కనిపెట్టాలి. ఆ కనిపెట్టడంలో మేము ఆలస్యం చేశాము.

అందుచేత మీరు ఏ ఇల్లు చూసినా ముందు దాని అడుగు చూడండి. గట్టి నేల ఉండాలి, ఆ నేల మీద మెత్తనిది ఏదైనా పరచాలి. మీ హాలులో కడప రాయి పరిచి ఉంది. అది వేసవిలో కుందేలుకు ఏసీ లాంటిది, కాని నున్నగా ఉండటం వలన దాని కాళ్ళు జారి తొడలు పక్కకు వెళ్ళిపోతాయి. కనుక సగం రాయిని అలాగే వదిలి, మిగతా సగం మీద పాత జంపఖానా గాని జనపనార గోనెపట్టా గాని పరవండి. ఎండగా ఉన్నప్పుడు రాయి మీద, లేనప్పుడు గోనె మీద పడుకుంటుంది, ఏది కావాలో అదే తేల్చుకుంటుంది. యూరియా సంచుల వంటి ప్లాస్టిక్ గోనెలు మాత్రం వద్దు, వాటి పోగులు కొరికి మింగితే పేగులో చిక్కుకుంటాయి. మన వైపు సులువుగా దొరుకుతుంది కదా అని వేరుశనగ పొట్టు కూడా పరవకండి. అందులో బూజు పట్టినది ఉంటే ఆ బూజు విషం కుందేలు కాలేయాన్ని దెబ్బ తీస్తుంది. ఎండిన వరిగడ్డి మంచిది.

ఇక కొలత. బ్రిటన్‌లో కుందేళ్ళ సంక్షేమం చూసే సంఘంవారు జత కుందేళ్ళకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, మీటరు ఎత్తు ఎప్పుడూ అందుబాటులో ఉండాలంటారు. అంటే మన లెక్కలో పదడుగులు, ఆరున్నర అడుగులు, మూడడుగుల పైన. మీరు పెంచేది ఒకటే అయినా అది పెద్ద జాతి కాబట్టి ఆ కొలతనే పెట్టుకోండి. వరసగా మూడు గెంతులు వేయగలగాలి, వెనక కాళ్ళ మీద నిక్కి నిలబడితే చెవులు పైకి తగలకూడదు, మధ్యలో ఏదీ అడ్డం లేకుండా చాచుకుని పడుకోవాలి. ఈ మూడూ చేయలేని కుందేలుకు కండ తగ్గి, ఒళ్ళు పెరిగి, ఎముకలు బలహీనమవుతాయి. ఇంత పెద్ద పంజరం ఎక్కడా దొరకదు, దొరకనక్కర లేదు కూడా. కుక్కపిల్లలను ఆపడానికి వాడే మూడడుగుల ఇనుప కంచె పలకలు దొరుకుతాయి, వాటితో ఆ మూలను దడి కట్టి, లోపల పడుకోవడానికి ఒక చెక్క పెట్టె పెడితే సరిపోతుంది. ఆ పెట్టెకు రెండు వైపులా దారి ఉండాలి, బొరియకు రెండో దారి లేకపోతే కుందేలుకు ధైర్యం ఉండదు. ఎదిగిన కుందేలు ఒళ్ళు రాసుకోకుండా పోవడానికి దారి అడుగు వెడల్పన్నా పెట్టించాలి.

పెట్టెకు వేప చెక్క గాని సర్వి చెక్క గాని చాలు, రంగు వేయించవద్దు. కుందేలు పై పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతూనే ఉంటాయి, అందుకని అది అందిన ప్రతి చెక్కనూ కొరుకుతుంది. కరెంటు వైర్లను మాత్రం దడికి చేయి చాపినంత దూరంలో కూడా ఉంచకండి. కోళ్ళకు వాడే పలచని జాలి దాని పళ్ళకు ఆగదు, వెల్డింగు చేసిన జాలి అడగండి.

పెంటకు ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి పెట్టి, దాని పక్కనే ఎండు గడ్డి వేలాడదీయండి. కుందేలుకు మేస్తూ పెంట వేసే అలవాటు ఉంది, ఆ రెండూ ఒక చోట ఉంటే మిగతా నేల పొడిగా ఉంటుంది. మూత్రంలో సున్నం ఎక్కువ కాబట్టి తొట్టికి తెల్లగా పొర కడుతుంది, దానిని చింతపండు నీళ్ళతో ఒక రాత్రి నానబెట్టి రుద్దితే పోతుంది. నీళ్ళకు బరువైన మట్టి మూకుడు పెట్టండి. వేసవిలో ఇంత కుందేలు రోజుకు అర లీటరు దాటి తాగగలదు, చుక్క చుక్క రాలే సీసా దానికి సరిపోదు.

కత్తెర రోజులకు ఒక్క ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. సీసాలో నీళ్ళు గడ్డ కట్టించి, గుడ్డ చుట్టి, మధ్యాహ్నం పన్నెండుకు పెట్టె పక్కన పడుకోబెట్టాలి. దడికి ఒక వైపు తడి గోనె గాని వట్టివేరు తడిక గాని కట్టి ఫ్యాను వేస్తే మూల మొత్తం చల్లబడుతుంది. చెవులు ఎర్రబడి వేడిగా ఉండి, నోరు తెరిచి ఆయాసపడుతుంటే చెవులను చల్లని (మంచు నీళ్ళు కాదు) నీటితో తడిపి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఒంటి మీద నీళ్ళు కుమ్మరించకండి, ఆ అదురుకే పోవచ్చు.

తోడుగా ఇంకొకటి తెచ్చుకోవాలని చిన్నమ్మాయి రాసింది. దాని మనసు మంచిది, కుందేళ్ళకు తోడు అవసరమే. అయితే ఆడా మగా కలిస్తే 31 రోజుల్లో పిల్లలు పుడతాయి కాబట్టి, డాక్టరు చేత ఆపరేషన్ చేయించకుండా ఒక చోట ఉంచకూడదు. ఆ సంగతి మొదటిది ఇల్లు అలవాటు పడ్డాక చూద్దాము.

ఈ ఆదివారం పొద్దున మీ ఇద్దరూ ఒక పని చేయండి. హాలు ఊడ్చి, టేపుతో కొలిచి, తూర్పు మూలలో పదడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు ముగ్గుపిండితో గీత గీయండి. దాన్ని రెండు రోజులు చెరపకుండా ఉంచి, మీ అమ్మకు వంటింట్లోకి దారి అడ్డం వస్తుందో లేదో, సోఫా ఎటు జరపాలో చూసుకోండి. పది కుదరకపోతే ఎనిమిది గీసి, పొద్దునా సాయంత్రం హాలంతా వదిలిపెట్టగలరా అని మీ నాన్నను అడిగి నాకు రాయండి. పెట్టె చేయడానికి ఇక్కడ మన వడ్రంగి ఒప్పుకున్నాడు, వారం పని అన్నాడు. దారులు ఏ రెండు వైపుల రావాలో ఆ గీత లోపల నిలబడి చూసి, బొమ్మ వేసి పంపండి.

మీ అవ్వ