తొమ్మిదేళ్ళ తర్వాత వచ్చిన ఫ్లాష్‌బ్యాక్

"ఈ పిల్లెవులు? ఆ చెయ్యి నేని మేడమేదీ?"

2024 మే నెలాఖరులో విశాఖలో ‘ఫ్యూరియోసా’ చూస్తుంటే పక్క సీట్లోంచి మా వాడు నా చెవిలో వేసిన ప్రశ్న ఇది. విజయనగరంలో బైక్ మెకానిక్. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్’ని ఫోన్లో అరిగిపోయేలా చూసినవాడు. ‘ఫ్యూరియోసా’ దానికి ముందుకథ, అంటే ప్రీక్వెల్. వాడి లెక్కలో ఆ సినిమాకి హీరో మ్యాక్స్ కాదు, ఒంటిచేత్తో అంత పెద్ద ట్యాంకర్ తోలిన ఫ్యూరియోసా. ఆ పాత్ర వేసింది చార్లీజ్ థెరాన్. ఆవిడ కోసమే షాపు మూసి, రెండు బళ్ళ మీద నలుగురం అరవై కిలోమీటర్లు వెళ్ళాం. తీరా చూస్తే ఆవిడ లేదు. మొదటి గంట దాదాపు అంతా ఒక చిన్నపిల్ల. తర్వాత వచ్చినావిడ అన్యా టేలర్-జాయ్. ఇంటర్వెల్‌లో సమోసా నములుతూ, "కథ తెలిసిపోనాది కదా, ఇంకేటి సూడాల" అని తేల్చేశాడు.

ఆవిడ లేదు, కథ తెలుసు. ఈ రెండు ఫిర్యాదులూ మా వాడివే కావు. ఆ నెలలో ప్రపంచమంతా ప్రేక్షకులు కాస్త అటూ ఇటూగా ఇవే అన్నారు. వీటికి తోడు మరికొన్ని: మ్యాక్స్ ఏడీ, ‘ఫ్యూరీ రోడ్’లో ఉన్న వేగం ఏదీ, ఎడారిలో నిజం బళ్ళు గుద్దుకున్నట్టు కాకుండా కంప్యూటర్ బొమ్మల్లా ఉన్నాయేంటీ అని. విమర్శకులు మాత్రం మెచ్చుకున్నారు. 16.8 కోట్ల డాలర్లు పెట్టి తీసిన సినిమాకి ప్రపంచవ్యాప్తంగా వచ్చింది 17.4 కోట్ల డాలర్ల దాకా. అందులో థియేటర్ల వాటా పోగా ఏం మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

బాగోలేని సినిమాని జనం తిప్పికొట్టారంటే అందులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కానీ చూసినవాళ్ళలో చాలామంది ‘బాగానే ఉంది గానీ...’ అన్నారు. ఆ ‘గానీ’ ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలంటే నలభై అయిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ఈ సినిమాలన్నీ తీసిన జార్జ్ మిల్లర్ మొదట డాక్టరు. ఆస్ట్రేలియాలో ఆస్పత్రి ఎమర్జెన్సీలో పనిచేస్తూ, రోడ్డు ప్రమాదాల్లో నుజ్జయి వచ్చినవాళ్ళని చూసినవాడు. బైరన్ కెనెడీ అనే స్నేహితుణ్ణి నిర్మాతగా పెట్టుకుని 1979లో ‘మ్యాడ్ మ్యాక్స్’ తీశాడు. ఖర్చు నాలుగు లక్షల ఆస్ట్రేలియా డాలర్ల లోపే. రాబడి పది కోట్ల అమెరికా డాలర్లు దాటింది. పెట్టుబడికి మించిన లాభంలో చాలా ఏళ్ళు గిన్నిస్ రికార్డు దానిదే. కథ రాయడంలో మిల్లర్‌కి తోడున్న జేమ్స్ మెకాస్లండ్ తర్వాత చెప్పిన ముచ్చట ఒకటుంది. 1973 చమురు సంక్షోభం రోజుల్లో పెట్రోలు బంకుల దగ్గర క్యూలో ఎవరైనా ముందుకు దూరితే మామూలు మనుషులే కొట్లాటకి దిగారట. ట్యాంకు నింపుకోవడానికి మనిషి ఎంతదాకా వెళ్తాడు అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఈ ముక్క మా జిల్లావాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. బంకు దగ్గర బళ్ళు తోసుకుంటూ వచ్చినవాళ్ళు, లీటరు సీసాలు పట్టుకున్నవాళ్ళు, జనరేటర్‌కని రెండేసి క్యాన్లు మోసుకొచ్చినవాళ్ళు. నా ముందు నిలబడ్డ పెద్దాయన, ఊళ్ళో అందరూ దండం పెట్టే మనిషి, క్యాన్ తెచ్చినవాడి చొక్కా పట్టుకోవడం కళ్ళారా చూశాను. "బళ్ళకి నేదు గానీ నీ ఇంట్లో ఫ్యానుకి కావాలా" అని. రెండే రెండు రోజుల కరెంటు కోతకి వచ్చిన కోపం అది. నాలుగేళ్ళకి తిత్లీ వచ్చి శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమట్టం చేసినప్పుడు అక్కడివాళ్ళు నీళ్ళ ట్యాంకర్ కోసం ఎదురుచూసిన రోజులు ఇంకా కష్టమైనవి. హుద్‌హుద్ తర్వాత ఏడు నెలలకి ‘ఫ్యూరీ రోడ్’ వచ్చింది. కొండమీదున్న దొర పైపు తిప్పి జనం మీద నీళ్ళు వదిలి, అంతలోనే కట్టేసే సీను చూసి మావాళ్ళు ఈలలు వేయలేదు. ఎందుకో హాలంతా ఒక్క క్షణం గప్‌చుప్.

మిల్లర్ ఈ సినిమాలని ఒకదానికొకటి ముడేసి ఎప్పుడూ తీయలేదు. 1981లో రెండోది, 1985లో మూడోది. మధ్యలో, 1983లో, కెనెడీ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. మూడింట్లోనూ మ్యాక్స్ మెల్ గిబ్సనే, కానీ తేదీలు, ఊళ్ళు, వయసులు లెక్క కట్టబోతే కుదరవు. దేనికది ఎవరో చెప్పిన కథలా ఉంటుంది. మన పేదరాశి పెద్దమ్మకి వయసెంతో ఎవరూ అడగరు కదా, అలాగన్నమాట. అందుకే ముప్ఫై ఏళ్ళ తర్వాత మ్యాక్స్‌గా టామ్ హార్డీ వచ్చినా జనం పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ముప్ఫై ఏళ్ళ ఆలస్యం మరో పెద్ద కథ. డబ్బు, యుద్ధం, డాలరు పడిపోవడం అన్నీ అడ్డొచ్చాయి. చివరికి అన్నీ కుదిరాయనుకుంటే, షూటింగ్ జరగాల్సిన బ్రోకెన్ హిల్ ఎడారిలో వానలు కురిసి పూలు పూశాయి. ఎడారి కావాలంటే తోట ఎదురైంది. సామానంతా నమీబియాకి ఎత్తుకెళ్ళి 2012లో తీశారు. 2015లో వచ్చిన ఆ సినిమాకి ఆరు ఆస్కార్లు. ఎడిటింగ్ అవార్డు మిల్లర్ భార్య మార్గరెట్ సిక్సెల్‌ది. అయితే ఇది బాక్సాఫీసు బద్దలుకొట్టిన సినిమా కాదు. అమెరికాలో మొదటి వారాంతం ఒక పాటల కామెడీ వెనక రెండో స్థానం. పేరు వచ్చింది మెల్లిగా, ఇళ్ళల్లో, ఫోన్లలో. అంటే దాని అభిమానుల్లో చాలామంది థియేటర్‌కి వెళ్ళి చూసినవాళ్ళు కారు. ‘ఫ్యూరియోసా’కి హాళ్ళు ఎందుకు నిండలేదని ఆశ్చర్యపోయినవాళ్ళు ఈ సంగతి మర్చిపోయారని నా అనుమానం.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి. ‘ఫ్యూరీ రోడ్’ కథ జరిగేది మూడు రోజుల్లో. పాత్రలు మాట్లాడవు, బళ్ళు ఆగవు. ఫ్యూరియోసా ఎవరు, ఆ చెయ్యెలా పోయింది అని చెప్పే తీరిక ఆ సినిమాకి లేదు. నటులకీ, యూనిట్‌కీ తెలియాలని ఆమె చిన్నప్పటి నుంచి కథంతా ముందే స్క్రిప్టుగా రాసి పెట్టుకున్నారు. అంటే ఈ ప్రీక్వెల్ హిట్టు చూసి డబ్బు కోసం అల్లింది కాదు, అప్పటికే బీరువాలో ఉన్నది. వెంటనే తీసుంటే ఎలా ఉండేదో. కానీ 2015 సినిమా బోనస్ లెక్కల మీద మిల్లర్ సంస్థకీ స్టూడియోకీ కోర్టు గొడవ నడిచింది. అది తేలేసరికి ఏళ్ళు గడిచాయి. థెరాన్‌నే కంప్యూటర్‌తో వయసు తగ్గించి చూపిద్దామా అని మిల్లర్ ఆలోచించి, ఆ పద్ధతిలో వచ్చిన వేరే సినిమాలు చూసి వద్దనుకున్నాడు. నీళ్ళు కట్టేసే ఆ కొండమీది దొర ఇమ్మోర్టన్ జో వేషం వేసిన హ్యూ కీస్-బర్న్ 2020లో చనిపోయాడు. కాబట్టి మా వాడి "ఈ పిల్లెవులు" అన్న ప్రశ్నకి జవాబు కోర్టు కాగితాల్లోనూ, కాలంలోనూ ఉంది.

ఫ్లాష్‌బ్యాక్ అంటే తెలుగువాడికి భయం లేదు. మనం దాని మీదే బతుకుతాం. ఇంటర్వెల్ ముందు హీరో ఎవరో తెలియదు, తర్వాత వాడి పాత ఊరు, పాత పేరు, చచ్చిపోయిన తమ్ముడు. ‘ఫ్యూరీ రోడ్’ వచ్చిన రెండు నెలలకే, 2015 జులైలో, ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. చూడబోతే దాని రెండో భాగంలో సింహభాగం ముందుకథే. తండ్రి చచ్చిపోయాడనీ తెలుసు, చంపింది ఎవరో కూడా తెలుసు. అయినా 2017 ఏప్రిల్‌లో హాళ్ళ ముందు జాతర. ఎందుకంటే రెండేళ్ళపాటు ‘ఎందుకు’ అన్న ఒక్క ప్రశ్నని జనం నోట్లో నానబెట్టారు. ‘ఫ్యూరీ రోడ్’ అలాంటి ప్రశ్న ఏదీ వదల్లేదు. చెయ్యెలా పోయిందని ఎవరూ నిద్ర మానుకోలేదు. అడగని ప్రశ్నకి తొమ్మిదేళ్ళ తర్వాత రెండున్నర గంటల జవాబు వచ్చింది.

కాబట్టి ‘కథ తెలుసు’ అన్న ఫిర్యాదుని నేను యథాతథంగా ఒప్పుకోను. బొబ్బిలి కథ మాకెవరికి తెలీదు? 1757 జనవరి 24న ఫ్రెంచి బుస్సీ ఫిరంగులతో కోట కూలుతుందనీ, తాండ్ర పాపారాయుడు ఆలస్యంగా వస్తాడనీ, రాత్రి డేరాలో దూరి మా విజయనగరం రాజునే పొడిచేస్తాడనీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా ఊరి రాజు చచ్చే కథ, మా ఊరి నడిబొడ్డున, బుర్రకథ పెట్టించుకుని మరీ విన్నాం. పాపారాయుడు గుర్రం దిగేసరికి ముసలమ్మలు కొంగు నోట్లో పెట్టుకుంటారు. ఇంకొంచెం ముందు వచ్చుంటే బాగుణ్ణని ఎన్నో వందల సారి కూడా అనుకుంటారు. తెలిసిన కథలో రుచి చెప్పేవాడి చేతిలో ఉంటుంది. హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు తిరిగిన గడ్డ మీద ఆ మాట వేరే రుజువు చెయ్యనక్కర్లేదు.

‘ఫ్యూరియోసా’లో చెప్పేవాడు ఉన్నాడు. ఒంటి నిండా అక్షరాలు పొడిపించుకున్న ముసలాయన, హిస్టరీ మ్యాన్. కథ అయిదు భాగాలుగా నడుస్తుంది. పదిహేనేళ్ళ పైబడిన కాలం. ‘ఫ్యూరీ రోడ్’ పరుగుపందెమైతే ఇది రాత్రంతా సాగే జముకుల కథ. పరుగు కోసం టిక్కెట్టు కొన్నవాడికి చాప పరిచి కూర్చోమంటే విసుగే వస్తుంది. ఇది ప్రేక్షకుడి తప్పు కాదు. పోస్టర్లూ ట్రైలరూ అమ్మింది పరుగునే మరి. పైగా గ్రాఫిక్స్ మీద జనం అన్నదాంట్లో నిజం ఉంది. మొదట్లో బళ్ళు వెంటపడే సీన్లలో ఆ తేడా నాకూ తెలిసింది. కానీ మధ్యలో ట్యాంకర్ మీద గాల్లోంచి దాడి జరిగే పావుగంట సీను ఉందే, 78 రోజులు పట్టింది దాన్ని తీయడానికి. సమోసా మనిషి కూడా అప్పుడు నోరు మూసుకున్నాడు.

మన దగ్గర అది వచ్చిన వేళ కూడా అలాంటిది. మే 13న ఓట్లేశాం, లెక్కింపు జూన్ 4న. ఆ మూడు వారాలూ జిల్లాలో ఏ టీ కొట్టు దగ్గరైనా మెజారిటీ ఎంత అన్న పందేలే. మే 26న ఐపీఎల్ ఫైనల్లో సన్‌రైజర్స్ 113కి ఆలౌట్. సినిమా వచ్చింది మే 23న అయితే, దానికి ముందురోజే హైదరాబాదులో ‘కల్కి 2898 ఏడీ’ వాళ్ళు ఆరు టన్నుల బుజ్జి కారుని బయటికి తెచ్చారు. ప్రళయం తర్వాతి లోకం, వింత బళ్ళు చూడాలనుకునే కుర్రాళ్ళకి మన కాశీ, మన అశ్వత్థామ ఉన్న సినిమా నెల రోజుల్లో వస్తుంటే ఆస్ట్రేలియా ఎడారి ఎవరికి కావాలి? దాని ముందుకథ ‘బుజ్జి అండ్ భైరవ’ మే 31న ఓటీటీలో కూడా వచ్చేసింది. నిజానికి ‘కల్కి’కి అసలు ప్రీక్వెల్ మహాభారతం. అది ఎవరూ ప్రత్యేకంగా తీసి చూపించక్కర్లేకుండానే అందరి బుర్రలోనూ ఉంది.

సినిమా అయ్యాక రాత్రి తగరపువలస దగ్గర టీకి ఆగాం. చివర్లో విలన్ డిమెంటస్‌ని ఫ్యూరియోసా ఏం చేసిందో హిస్టరీ మ్యాన్ ఒక్కలా చెప్పడు. కాల్చేసిందంటారు, బండికి కట్టి ఈడ్చిందంటారు, ఆమె మాత్రం నా చెవిలో వేరే చెప్పింది అంటాడు: బతికుండగానే వాడి ఒంట్లోంచి పండ్ల చెట్టు మొలిపించిందని. ఏది నిజమని మాలో ఇద్దరు గట్టిగా వాదించుకున్నారు. మెకానిక్ మాట్లాడలేదు. ఇంటికెళ్ళి ఆ రాత్రే ‘ఫ్యూరీ రోడ్’ మళ్ళీ పెట్టాడు.

మర్నాడు షాపు దగ్గరికి వెళ్తే స్పానర్ కింద పెట్టి చెప్పాడు. ఆ సినిమాలో తన ఊరు ఇక లేదని తెలిసి ఫ్యూరియోసా ఇసకలో మోకాళ్ళ మీద పడి అరుస్తుంది కదా. ఇన్నిసార్లు చూసినా అది మామూలు ఏడుపే అనుకున్నాడట. ప్రీక్వెల్‌లో ఆ ఊరికి దారి చూపే చుక్కల పటాన్ని ఆమె తన ఎడమ చేతి మీదే పచ్చబొట్టు పొడుచుకుంటుంది. ప్రాణం కాపాడుకోవడానికి ఆ చేతినే వదులుకుంటుంది. "పోనాది చెయ్యి కాదన్నా, దారి" అన్నాడు.

అంటే సినిమా నచ్చినట్టేనా అని అడిగాను. నచ్చలేదనే అన్నాడు. కాసేపాగి, విప్పి పెట్టిన పల్సర్ క్లచ్ ప్లేట్లని గుడ్డతో తుడుస్తూ, "అది సరే గానీ, ఆ డిమెంటస్ గాడు మూడు బళ్ళు రథానికి కట్టి తోల్తాడు కదా. మూడింటికీ క్లచ్ ఒక్కడే ఎలా పట్టాడంటావ్?" అన్నాడు.