కాళ్ళు లేని కణం ఎలా నడుస్తుంది

చిరంజీవులైన పిల్లలకు తిరుపతి నుంచి మీ తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

సెలవుల్లో అలిపిరి మెట్లెక్కుతూ చిన్నది జారిపడి మోకాలు గీరుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగో రోజు పక్కు అంచు కొంచెం లేచినప్పుడు, దాని కింద లేత గులాబీ రంగు చర్మం చుట్టూ నుంచి లోపలికి పాకి ఉండటం చూసి, "చర్మం దానంతటదే ఎట్లా నడిచింది తాతా?" అని అడిగింది. మీ బండికి వేళైందని ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. ఏళ్ళ తరబడి జంతుశాస్త్రం చెప్పినవాడిగా అంత మంచి ప్రశ్నకు నిండుగా జవాబు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నడిచింది చర్మపు కణాలు. వాటికంటే ముందే, సూక్ష్మజీవులను పట్టుకోవడానికి న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు గాయం దగ్గరికి పాకి వచ్చి ఉంటాయి. 1950లలో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ రోజర్స్ సూక్ష్మదర్శిని గుండా తీసిన ఒక చిన్న చిత్రంలో, ఎర్ర రక్తకణాల గుంపులోంచి ఒక న్యూట్రోఫిల్ ఒక సూక్ష్మజీవిని తరుముతూ పోతుంది. అది పక్కకు జరిగితే ఇదీ పక్కకు తిరుగుతుంది, చివరికి అందుకుని మింగేస్తుంది. ఎన్నిసార్లు చూసినా నా చూపు ఆ కణం ముందు అంచు మీదే నిలుస్తుంది. కణం నడిమి భాగమంతా రేణువులతో మసకగా ఉంటే, ముందుకు సాగే అంచు మాత్రం పలుచగా, తేటగా ఉంటుంది. నడకకు మూలమైన నిర్మాణం అక్కడే జరుగుతుంది.

ఆ నిర్మాణానికి ఇటుక యాక్టిన్ అనే ప్రోటీన్. హంగరీకి చెందిన స్ట్రాబ్ దీన్ని 1942లో కండరం నుంచి వేరుచేశాడు. యాక్టిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని, రెండు పేటల తాడులా మెలితిరిగిన పోగు అవుతాయి. పోగు మందం సుమారు 7 నానోమీటర్లు (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు); ఒక్కో అణువు చేరినప్పుడు దాని పొడవు 2.7 నానోమీటర్లు మాత్రమే పెరుగుతుంది. పోగుకు రెండు కొసలున్నా అవి సమానం కావు: ఒక కొస చురుగ్గా పెరుగుతుంది, రెండోది కరుగుతూ ఉంటుంది.

నా చిన్నతనంలో స్వర్ణముఖి ఇసుకలో ఎద్దుల బండి కూరుకుపోతే మా నాయన చక్రాల ముందు తాటిమట్టలు పరిచేవారు. బండి వాటి మీదుగా దాటగానే, వెనక మిగిలిన మట్టలను మేము ఏరుకొచ్చి మళ్ళీ ముందు వేసేవాళ్ళం. ఉన్న కొద్ది మట్టలతోనే ఏరంతా దాటేవాళ్ళం. కణంలో యాక్టిన్ తిరుగుడు కూడా ఇటువంటిదే. కాకపోతే మట్టలు బండిని నెట్టవు, యాక్టిన్ పోగులు కణపు పొరను నెడతాయి.

ఎలా నెడతాయన్నది ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కణపు పొర ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు, వేడిమి వల్ల సన్నగా వణుకుతూ ఉంటుంది. అలా వణికి ముందుకు జరిగిన క్షణంలో పోగు కొసకూ పొరకూ మధ్య కొద్దిపాటి సందు ఏర్పడితే, ఒక యాక్టిన్ అణువు వచ్చి అందులో కూర్చుంటుంది. ఇక పొర పాత చోటికి రాలేదు. ఇలా వేల పోగుల కొసల దగ్గర పదే పదే జరగడం వల్ల అంచు మొత్తం ముందుకు సాగుతుంది.

అయితే పోగులు పెరగడం ఒక్కటే నడక కాదు. శుద్ధమైన యాక్టిన్‌ను తగిన ఉప్పు కలిసిన నీళ్ళలో ఉంచితే, ఎవరూ చెప్పకుండానే దాదాపు అంతా పోగులైపోతుంది. కణంలోనూ అలాగే జరిగితే అది బిగుసుకుపోతుందే తప్ప కదలదు. అందుకే థైమోసిన్ బీటా 4 అనే ప్రోటీన్ విడి అణువులను పట్టి ఉంచుతుంది. ప్రొఫిలిన్ అనే మరో ప్రోటీన్ వాటిని అందుకుని పెరిగే కొసకు చేరుస్తుంది. కొత్త పోగు ఎక్కడ పుట్టాలో నిర్ణయించేది ఆర్ప్ 2/3 అనే ఏడు ప్రోటీన్ల కూటమి. అది పాత పోగు పక్కన కూర్చుని, సుమారు 70 డిగ్రీల కోణంలో, వేపకొమ్మకు రెమ్మ వేసినట్టు కొత్త పోగును మొలిపిస్తుంది. ఆ కూటమి దానంతటది నిద్రలోనే ఉంటుంది, బయటి నుంచి పిలుపు అంది పొర దగ్గర రాక్ అనే ప్రోటీన్ ఉత్తేజితమై వేవ్ అనే ప్రోటీన్ల కూటమిని కదిలించినప్పుడే మేలుకుంటుంది. అందువల్ల రెమ్మలు పిలుపు వచ్చిన వైపే పుడతాయి.

పొడవైన వెదురుబద్ద నెడితే వంగిపోతుంది, పొట్టిది వంగదు. పోగులు పొట్టిగా, గట్టిగా ఉండాలని కొసలకు మూతవేసే ప్రోటీన్ ఒకటుంది. వెనక పాతబడినవాటిని కోఫిలిన్ అనే ప్రోటీన్ తుంచుతుంది. ఏది పాతదో దానికి తెలిసే తీరు గొప్పది: కొత్తగా చేరిన యాక్టిన్ అణువు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే చిన్న అణువును పట్టుకుని వస్తుంది, కొంతసేపటికి ఆ ఏటీపీ కాస్తా శక్తి తగ్గిన ఏడీపీగా మారుతుంది, కోఫిలిన్ ఏడీపీ ఉన్న భాగాన్నే గట్టిగా పట్టుకుంటుంది.

1999లో ఫ్రాన్స్‌లో మరీ ఫ్రాన్స్ కార్లియే బృందం, యాక్టిన్‌ను వాడుకుని కణాల్లో తిరిగే లిస్టీరియా సూక్ష్మజీవిని కొన్ని శుద్ధమైన ప్రోటీన్లున్న ద్రవంలో వదిలింది. యాక్టిన్, ఆర్ప్ 2/3, కోఫిలిన్, మూతవేసే ప్రోటీన్, శక్తికి ఏటీపీ ఉంటే చాలు, అది తోకచుక్కలా యాక్టిన్ తోకతో కదిలింది. మూతవేసేదీ తుంచేదీ కూడా కట్టేవాటితో సమానంగా అవసరమని అప్పుడు రూఢి అయింది.

ఇక మిగిలింది వెనక భాగం. కణపు పొరలో ఉండే ఇంటెగ్రిన్లు అనే ప్రోటీన్లు కింది నేలను పట్టుకుని కణం వెనక్కి జారకుండా చూస్తాయి. రో అనే ప్రోటీన్, యాక్టిన్ పోగులను లాగే మయోసిన్ అనే ప్రోటీన్‌ను పురికొల్పి, వెనక భాగాన్ని బిగించి లాగిస్తుంది.

గాయానికి రెండు వైపుల నుంచీ వచ్చిన చర్మపు కణాలు ఒకదానికొకటి తాకినప్పుడు ఆ పలుచటి ముందు అంచులు వెనక్కి తగ్గుతాయి, నడక ఆగుతుంది. చిన్నదాని మోకాలి మీద పక్కు ఇంకా రాలలేదంటే దాని కింద పని సాగుతూ ఉందని అర్థం, గిల్లనివ్వకండి.

ఇట్లు,
మీ తాత