పంతులమ్మ గురించి రాయబోయే పిల్లలకు

హైదరాబాద్

చిరంజీవులకు ఆశీస్సులు.

జనవరి 3 ఆడపిల్లలకు చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు. 2025 నుంచి మన తెలంగాణలో ఆ రోజును మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు. మీలో ఎందరి ఇళ్లలోనో ఒక అమ్మమ్మో నానమ్మో ఏళ్ల తరబడి సర్కారు బడిలో పాఠాలు చెప్పి, ఇంట్లో పిల్లల్ని పెంచి, వెళ్లిపోయి ఉంటుంది. ఆమె గురించి నాలుగు పేజీలు రాద్దామని కూర్చుంటే "ప్రేమమూర్తి, త్యాగశీలి, క్రమశిక్షణకు మారుపేరు" అనేసరికి కలం ఆగిపోతుంది. ఆ మాటలు ఎవరి అమ్మమ్మకైనా సరిపోతాయి. ఆమె చేసిన పనులు వెతకండి.

ముందు బీరువా తెరవండి. చాలామంది టీచర్లు తమ సర్వీస్ రిజిస్టర్ జిరాక్స్ ఒకటి పింఛను కాగితాలతో కలిపి దాచుకునేవారు. అది దొరికితే సగం పని అయినట్టే. ఉద్యోగంలో చేరిన రోజు, పనిచేసిన బడులు, బదిలీలు, ఇంక్రిమెంట్లు, సెలవులు తేదీలతో సహా ఉంటాయి. చదివేటప్పుడు రెండుచోట్ల జాగ్రత్త.

మొదటిది పుట్టినతేదీ. ఆ రోజుల్లో బడిలో వేసేటప్పుడు సారు ఉజ్జాయింపుగా రాసిన తేదీయే చాలామందికి చివరిదాకా నిలిచిపోయింది. ఇంట్లో పెద్దవాళ్లు "శార్వరి, మాఘమాసం" అని చెబితే ఆ మాట కూడా రాసుకోండి. శార్వరి 1960 ఉగాదికి మొదలై 1961 ఉగాది ముందురోజుతో ముగిసింది. కాబట్టి ఆ మాఘం 1961లో పడుతుంది. శార్వరి అనగానే 1960 అని వేసేసి ఏడాది తప్పిపోతుంటారు. రెండు తేదీలూ ఇవ్వండి, ఏది ఎక్కడిదో చెప్పండి.

రెండోది జిల్లా పేరు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. అంతకుముందు వికారాబాద్, తాండూరు, చేవెళ్ల, ఇబ్రహీంపట్నం అన్నీ హైదరాబాద్ జిల్లాలోవే. రిజిస్టర్‌లో 1974లో "హైదరాబాద్ జిల్లా" అని ఉంటే ఆమె నగరంలోనే చెప్పిందనుకోకండి. తాండూరు దగ్గరి పల్లెకు రైలెక్కి వెళ్లి ఉండొచ్చు, వారమంతా అక్కడే గది తీసుకుని ఉండి ఉండొచ్చు. బడి ఉన్న ఊరి పేరు చూసుకోండి.

ఇక సెలవుల పేజీ. టీచరూ అమ్మా ఒకేచోట కనిపించే పేజీ అదే, అందుకే నాకు అన్నిటికన్నా విలువైనది. ప్రసూతి సెలవు ఇప్పుడు 180 రోజులు, వాళ్ల కాలంలో అంతకంటే తక్కువ. సెలవు ముగిసిన తేదీనీ మీ అమ్మదో నాన్నదో పుట్టినతేదీనీ పక్కపక్కన పెడితే ఎన్ని నెలల పసిబిడ్డను వదిలి బడికి వెళ్లిందో తేలిపోతుంది. అప్పుడు అసలు ప్రశ్న అడగాలి: ఆ బిడ్డను ఎవరు చూశారు? అత్తగారా, పక్కవాటా పెద్దమ్మా, పై తరగతి ఆడపిల్లలా, లేక బడి మూలలోనే ఊయల కట్టిందా? ఎవరు చూశారో వాళ్ల పేరు మీ రచనలో ఉండి తీరాలి. మధ్యలో వరుసగా అర్ధవేతన సెలవులు కనిపిస్తే ఆమెకో ఇంట్లో ఎవరికో జబ్బు చేసి ఉండొచ్చు. అడగండి, కానీ ఆ జబ్బు సంగతి అచ్చు వేసేముందు ఆ మనిషి అనుమతి తీసుకోండి.

తరవాత మనుషుల దగ్గరికి. "ఆమె ఎలాంటిది?" అని అడిగితే "చాలా మంచిది" అంటారు, అక్కడితో అయిపోతుంది. పని గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి లేచేది? రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు ఎవరు పట్టేవారు? స్టవ్వు కిరోసిన్‌దా, గ్యాసుదా? టిఫిన్ డబ్బాలు ఎన్ని? ఏ బస్సు, ఎక్కడ మారేది? పదో తరగతి పేపర్లు దిద్దే రోజుల్లో ఇంట్లో వంట ఎవరిది? జనాభా లెక్కలకు, అంటే 1981, 1991, 2001లో, ఏ బస్తీలో తిరిగింది? పాత శిష్యులను మరోలా అడగండి: నీకు ఏ అక్షరం రాకపోతే చెయ్యి పట్టి దిద్దించింది? ణ, న తేడా ఎలా చెప్పింది? బెత్తం వాడేదా? వాడేదని చెబితే అదీ రాయండి. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు చాలా బళ్లలో బెత్తం ఉండేది. దాన్ని దాచేస్తే మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

ఏడాది గుర్తులేదంటే ఒత్తిడి చేయకండి. 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణానికి ముందా తరవాతా, 2000 ఆగస్టులో నగరం మునిగిన వానకు ముందా తరవాతా అని అడిగితే తేల్చి చెబుతారు.

మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి, అడిగి చేయండి. ఫ్యాను, కూలరు ఆపండి. వాటి హోరులో ముసలివాళ్ల గొంతు పోతుంది. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వాళ్లకు అడుగు దూరంలో ఉంచండి. అరగంట దాటితే అలసిపోతారు.

ఫొటోలు అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకకండి, పైపొర ఊడి వస్తుంది. అద్దంతోనే కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పక్కనుంచి మెరుపు పడకుండా ఫొటో తీసుకోండి. వెనక పేర్లు మెత్తని పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ ముందువైపు గీతగా తేలుతుంది. లామినేషన్ వద్దే వద్దు, వేడికి అతికిన ప్లాస్టిక్ మళ్లీ ఊడదు.

రాసేటప్పుడు పుట్టుక నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాలని చూడకండి. ఆమె బడిరోజు ఒకటి తీసుకుని లేచిన దగ్గరనుంచి దీపం ఆర్పేదాకా గంటగంటకూ రాయండి. తేదీలు, బదిలీలు చివర ఒక పేజీలో చాలు.

చిన్న పుస్తకంగా వేయాలనుకుంటే పేజీలు నాలుగుతో భాగించబడాలి. ఎ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు, నాలుగు కాగితాలకు పదహారు. మధ్యలో రెండు పిన్నులు చాలు. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల దాన్ని "అను" అనే, యూనికోడ్ కాని పాత ఫాంట్లలోకి మారుస్తారు. ఆ మార్పులో ఒత్తులు, అరసున్నలు తారుమారవుతాయి, ఆ ఫైలును తరవాత ఫోన్‌లో తెరిస్తే చదవరాదు. అందుకే మీరు యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో నేరుగా చదవగలిగే అక్షరాల్లో, టైపు చేసిన ఫైలు విడిగా దాచుకోండి. అచ్చుకు ముందు పెద్ద అక్షరాల్లో ఒక ప్రతి తీయించి ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి. ఊళ్ల పేర్లలో, బంధుత్వాల వరసల్లో తప్పులు వాళ్ల కళ్లకే దొరుకుతాయి.

ఇట్లు
మీ పెద్దతాత