నల్లమల మధ్య లాంచీ, గాలపాగోస్ పడవ: రెండు చరిత్రలు

2024 కార్తీకం మొదలైన రోజుల్లో కృష్ణా మీద శ్రీశైలానికి లాంచీలు కదిలాయి. ఒకటి నాగార్జునసాగర్ నుంచి, ఇంకొకటి కొల్లాపూర్ దగ్గరి సోమశిల నుంచి. సాగర్ దారి సుమారు 110 కిలోమీటర్లు, సోమశిల దారి సుమారు 120. ఆరేడు గంటల ప్రయాణం, అందులో ఎక్కువ భాగం నల్లమల కొండల నడుమే. మల్లన్న దర్శనానికి వెళ్లేవాళ్లు ఎక్కుతారు, సెలవు రోజు సరదాగా గడపడానికి హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కుతారు. ఇప్పుడు మూడో రకం వాళ్ల గురించి కూడా మాట్లాడుకుంటున్నారు. అడవిని, జంతువుల్ని నీటి మీద నుంచి చూడాలనుకునేవాళ్లు వీళ్లు. అచ్చంపేట, దేవరకొండ, కొల్లాపూర్ వైపు టూరిజం ప్రస్తావన వస్తే చాలు, వైల్డ్‌లైఫ్ బోటింగ్ సంగతి కూడా వస్తోంది.

పడవలో తిప్పి వన్యప్రాణుల్ని చూపించడంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకునేది గాలపాగోస్ దీవుల్ని. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ తీరానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న అగ్నిపర్వత దీవులవి. అక్కడి చిన్న పడవలు చాలావాటిలో పదహారు మంది ప్రయాణికులే ఉంటారు. ఆ పదహారు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే మన లాంచీ గురించి మాట్లాడటం సులువవుతుంది.

ఆ దీవులు పుట్టిన తీరు ఇది: సముద్రం అడుగున ఒకచోట భూగర్భంలోంచి వేడి పైకి తన్నుకొస్తూ ఉంటుంది. దాని మీదుగా భూఫలకం మెల్లగా తూర్పు వైపు జరుగుతూ ఉంటుంది. అందుకే పడమటి దీవులైన ఫెర్నాండినా, ఇసబెలా వయసులో చిన్నవి. అక్కడ లావా ఇప్పటికీ పారుతుంది. ఫెర్నాండినాలో 2024 మార్చిలో కూడా అగ్నిపర్వతం బద్దలైంది. తూర్పున ఉన్న ఎస్పన్యోలా లాంటివి లక్షల ఏళ్ల కిందటే చల్లారిపోయాయి. ఈ దీవులు ఏ కాలంలోనూ ఖండంతో కలిసి లేవు. గాలికి ఎగిరి, నీటికి కొట్టుకొచ్చి చేరిన ప్రాణులే అక్కడ నిలదొక్కుకున్నాయి. పెద్ద వేటజంతువులు లేని చోటు కాబట్టి వాటికి మనిషంటే భయం తెలియదు. సీల్ పక్కనుంచి నడిచి వెళ్లినా అది లేవదు.

ఆ భయం లేకపోవడమే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. 1535లో పనామా బిషప్ తోమాస్ దె బెర్లాంగా ఎక్కిన ఓడ గాలి లేక ప్రవాహంలో కొట్టుకుపోయి ఈ దీవులకు చేరింది. ఆ తర్వాత సముద్రపు దొంగలు, తిమింగలాల వేటగాళ్లు వచ్చారు. వాళ్లకు అక్కడ దొరికింది పెద్ద తాబేలు. మేత లేకుండా, నీళ్లు లేకుండా నెలల తరబడి బతికే జీవి అది. వాటిని పట్టి ఓడ అడుగు అరల్లో పేర్చేవాళ్లు, తాజా మాంసం కావాల్సినప్పుడల్లా ఒకదాన్ని కోసేవాళ్లు. అలా పోయినవి లక్షకు పైనే ఉంటాయని అంచనా. 1835లో డార్విన్ ఐదు వారాలు అక్కడ తిరిగినప్పుడు, డొప్ప చూసి అది ఏ దీవి తాబేలో చెప్పగలమని స్థానిక అధికారి ఆయనతో అన్నాడు. జీవపరిణామం గురించిన ఆలోచన మొలకెత్తిన నేల మీదే ఆ జీవులు ఓడల్లోకి ఎక్కుతున్నాయన్నమాట.

మేకల సంగతి ఇంకా ఘోరం. 1959లో పింటా దీవిలో మూడు మేకల్ని వదిలారు. పదిహేనేళ్లు తిరక్కుండానే అవి వేల సంఖ్యలో పెరిగి దీవిలోని పచ్చదనాన్ని మేసేశాయి. ఆ దీవి తాబేళ్లలో చివరికి మిగిలింది ఒకే ఒక్క మగది. 1971లో కనిపించిన దానికి ‘లోన్‌సమ్ జార్జ్’ అని పేరు పెట్టారు. 2012 జూన్ 24న అది చనిపోవడంతో ఆ జాతి ముగిసిపోయింది.

ఇక పడవల కథ. దాన్ని కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే అందులో ఏది ముందు, ఏది వెనక అన్నదే ముఖ్యం. ఈక్వడార్ 1934లో రక్షణ చట్టం చేసింది. 1959లో, జనావాసాలు పోగా మిగిలిన భూమినంతా జాతీయ పార్కుగా ప్రకటించింది. దీవుల నేలలో అది దాదాపు 97 శాతం. అదే ఏడాది చార్లెస్ డార్విన్ ఫౌండేషన్ ఏర్పడింది, 1964లో పరిశోధన కేంద్రం తెరిచారు. పర్యాటకుల్ని పద్ధతిగా తిప్పే నౌకలు వచ్చింది 1960ల చివర్లో. అంటే చట్టం, పార్కు, శాస్త్రవేత్తలు ముందు వచ్చాక పడవ వచ్చింది. పడవను మొదటి రోజు నుంచీ లెక్క అడిగేవాళ్లున్నారు.

అలా మొదలైన పద్ధతి ఇప్పుడిలా ఉంది. పడవ ఎప్పుడు ఏ దీవికి వెళ్లాలో కెప్టెన్ ఇష్టం కాదు, యజమాని ఇష్టం కూడా కాదు. పార్కు యంత్రాంగం ఒక్కో పడవకు దారి, రోజు, సమయం రాసి ఇస్తుంది. 2012 నుంచి అమలైన నియమం ప్రకారం ఒక పడవ ఒకసారి వెళ్లిన చోటికి మళ్లీ పద్నాలుగు రోజుల లోపు వెళ్లకూడదు. ఏ నౌకలోనూ వంద మందికి మించి ప్రయాణికులు ఉండకూడదు. ఒడ్డున దిగితే పార్కు లైసెన్సున్న గైడ్ తప్పనిసరి, ఒక గైడ్ వెంట పదహారు మందికి మించరాదు. చిన్న పడవల్లో పదహారు పడకలు కట్టడానికి కారణం ఇదే. పడవ సైజును నిర్ణయించింది గైడ్ చూసుకోగలిగే మనుషుల లెక్క.

పెద్ద పడవ దీవికి దూరంగా లంగరు వేసుకుని ఆగుతుంది. అక్కడి నుంచి పంగా అనే చిన్న మోటారు బోటులో జనాన్ని ఒడ్డుకు చేరుస్తారు. కొన్నిచోట్ల రాతి మెట్టు ఉంటుంది, కొన్నిచోట్ల మోకాలి లోతు నీళ్లలోకి దిగి నడవాలి. ఒడ్డెక్కాక తెల్లని గుంజలు పాతిన బాట దాటకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. అదే దగ్గరికొస్తే మనమే వెనక్కి జరగాలి. తినుబండారాలు తీసుకెళ్లకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. తిరిగి పడవ ఎక్కేటప్పుడు కాళ్లకంటిన ఇసుక కడుక్కోవాలి, ఒక దీవి గింజ ఇంకో దీవికి చేరకుండా. ఇంత చిన్న విషయానికి కూడా నియమం ఎందుకో మేకల కథ విన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇదంతా సాఫీగా జరిగిందని అనుకోకూడదు. 1990ల్లో సముద్ర దోసకాయల (సముద్రం అడుగున ఉండే మెత్తటి జీవులు) వేట మీద ఆంక్షలు పెడితే జాలర్లు తిరగబడ్డారు, 1995లో పరిశోధన కేంద్రాన్ని ముట్టడించారు. వాళ్ల బతుకుతెరువును పక్కన పెట్టి తాబేళ్లను కాపాడటం కుదరదని అప్పుడు అర్థమైంది. 1998 ప్రత్యేక చట్టం అందులోంచే పుట్టింది. బయటి వలసలకు పరిమితి పెట్టారు, దీవుల చుట్టూ సముద్రాన్ని కూడా రక్షిత ప్రాంతం చేశారు, అందులో చేపలు పట్టే హక్కు స్థానిక జాలర్లకే ఉంచారు. ప్రవేశ రుసుములో అధిక భాగం దీవుల్లోనే ఉండేలా పార్కుకూ మున్సిపాలిటీలకూ వాటాలు రాశారు. గైడ్లు స్థానికులే అయి ఉండాలన్నారు.

2001 జనవరిలో జెస్సికా అనే ట్యాంకర్ శాన్ క్రిస్టోబల్ దగ్గర నేలకు తగిలి చమురు సముద్రం పాలైంది. అందులో కొంత పర్యాటక నౌక కోసం తెస్తున్న ఇంధనం. ప్రవాహం పుణ్యమా అని చమురు చాలావరకు బయటికి కొట్టుకుపోయింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ మరుసటి ఏడాది లెక్క చూస్తే శాంటా ఫే దీవిలో సముద్రపు ఇగువానాలు (పెద్ద బల్లుల్లాంటి జీవులు) అరవై శాతం పైగా చనిపోయాయి. 2007లో యునెస్కో ఈ దీవుల్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టి, 2010లో తీసేసింది. 2024 ఆగస్టు నుంచి విదేశీయుల ప్రవేశ రుసుము 100 డాలర్ల నుంచి 200కు పెరిగింది. ఇప్పుడు ఏటా వచ్చేవాళ్లు సుమారు మూడు లక్షలు, వాళ్లలో చాలామంది పడవల్లో కాక ఊళ్లలోని హోటళ్లలో ఉంటున్నారు. పడవకు ఉన్న అదుపు హోటల్‌కు ఎలా తేవాలన్నది వాళ్ల ఇప్పటి టెన్షన్.

మన దగ్గర వరస వేరే. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మునిగింది. తవ్వి తీసిన కట్టడాలను నాగార్జునకొండ మీదికి చేర్చి అక్కడే మ్యూజియం కట్టారు, ఆ కొండ దీవి అయింది. అదే జలాశయంలో మునిగిన ఏలేశ్వరం కథ కూడా అలాంటిదే. లాంచీ అప్పటి అవసరంలోంచి వచ్చింది. కొండకు చేరాలంటే వేరే దారి లేదు మరి. ఎగువన శ్రీశైలం జలాశయం కింద ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. సోమశిల గుళ్లను విప్పి పైకి తెచ్చి కట్టారు. అప్పటిదాకా పుట్టిలో దాటిన నది మైళ్ల వెడల్పయింది. అటు ఒడ్డున బంధువులు, ఇటు ఒడ్డున జాతర. వంతెన లేని చోట పడవే బస్సు.

పులుల అభయారణ్యం ఆ తర్వాత వచ్చింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి చేరింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ భాగం 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో. అంటే జలాశయం ముందు, పడవ తర్వాత, పులికి రిజర్వ్ చివర. పడవ తిరుగుతున్న చోటు పులి ఇల్లని ప్రభుత్వం రాసుకునేసరికి పడవ అలవాట్లు అప్పటికే కుదురుకున్నాయి.

పైగా లాంచీ వెళ్లే దారిలో చాలాచోట్ల నది నడిమి గీతే రాష్ట్రాల సరిహద్దు. ఇటు అమ్రాబాద్, అటు ఆంధ్రప్రదేశ్ టైగర్ రిజర్వ్. నీటి మట్టం నీటిపారుదల వాళ్ల చేతిలో, లాంచీ టూరిజం వాళ్ల చేతిలో, ఒడ్డు అటవీశాఖ చేతిలో ఉంటాయి, అదీ రెండు రాష్ట్రాల్లో విడివిడిగా. గాలపాగోస్‌లో ఒకే కార్యాలయం చేసే పని ఇక్కడ ఇన్ని చోట్ల పంచుకుని ఉంది.

మన నియమాలు చావుల తర్వాత వచ్చాయి. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళ్తున్నవాళ్ల పడవ మంచాలకట్ట దగ్గర మునిగి అరవై మంది దాకా పోయారు. సోమశిల–సిద్ధేశ్వరం వంతెన కావాలన్న డిమాండ్ గట్టిపడింది ఆ తర్వాతే. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగింది, రెండు రాష్ట్రాల్లోనూ బోట్లు ఆగిపోయాయి. లైఫ్ జాకెట్లు, లైసెన్సులు, బోటు ఫిట్‌నెస్ గురించి గట్టిగా అడగడం అప్పుడు మొదలైంది. అది అవసరం, అందులో సందేహమే లేదు. అదే నెలలో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఊరూరా జనం కదిలితేనే ఆ తీర్మానం వచ్చింది. పడవ భద్రత, అడవి భద్రత ఒకే నెలలో పేపర్ల మొదటి పేజీకి ఎక్కాయి. రెండూ ఒకే నీటి మీద కలుస్తాయన్న సంగతి మాత్రం చర్చకు రాలేదు.

రోడ్డు విషయంలో మాత్రం అలాంటి చర్చ వచ్చింది. మన్ననూర్ గేటు దగ్గర రాత్రి తొమ్మిది దాటితే శ్రీశైలం రోడ్డు మీద బండ్లను వదలరు. అడవిలో ప్లాస్టిక్ మీద ఆంక్షలున్నాయి. చీకటి పడ్డాక రోడ్డు జంతువులదని జనం ఒప్పుకున్నారు, ఇబ్బందైనా పాటిస్తున్నారు. నీటి అంచు కూడా వాటిదే. ఎండ ముదిరి కొండవాగులు ఎండితే దుప్పి, ఎలుగుబంటి దిగి వచ్చేది కృష్ణా గట్టుకే. రాళ్ల మీద మొసళ్లు ఎండ కాచుకునేదీ, నీటికుక్కలు గుంపుగా చేపలు పట్టేదీ అక్కడే.

అందుకే నా అభిప్రాయం ఇది: భక్తుల లాంచీని, అడవి చూపించే పడవను ఒకటి చేయకూడదు. మల్లన్న దగ్గరికి నూరు మందితో లాంచీ వెళ్లనివ్వండి. పాతకాలం నుంచి ఉన్న రాకపోకల హక్కు అది. దాని దారి నది నడుమ, దాని వేగం దానిది. అందులో పాటలు పెట్టుకుంటే ఒడ్డుకు దూరంగా పెట్టుకోవచ్చు. కానీ వన్యప్రాణుల్ని చూపిస్తామని టికెట్ అమ్మితే అది వేరే పడవ కావాలి. మైకు ఉండకూడదు, మోటారు చప్పుడు తక్కువుండాలి, ఎక్కే మనుషుల సంఖ్యను గైడ్ లెక్కతో అటవీశాఖ తేల్చాలి. ఏ వాగు నోటికి ఏ నెలలో వెళ్లకూడదో కూడా వాళ్లే రాసివ్వాలి. ఒడ్డు రెండు రాష్ట్రాలది కాబట్టి ఆ కాగితం మీద రెండు అటవీశాఖల సంతకాలూ ఉండాలి.

గైడ్లను వెతుక్కోవాల్సిన పనిలేదు. అమ్రాబాద్ బేస్ క్యాంపుల్లో చెంచు యువకులు ఇప్పటికే అడవి కాపలా కాస్తున్నారు, అడుగుజాడలు గుర్తుపడుతున్నారు. ఏ చెట్టు మీద ఏ పక్షి గూడు కడుతుందో వాళ్లకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. నదిని వాళ్లంత బాగా ఎరిగిన మరొకరు తీరాన వల వేసే బెస్తవాళ్లు. గాలపాగోస్ 1998లో చట్టంలో రాసుకున్నది ఇక్కడ రాయాలంటే మొదటి లైసెన్సులు ఈ ఇద్దరికీ ఇవ్వాలి. టికెట్ డబ్బులో చెంచు పెంటకు (గూడేనికి) ఎంత, అడవికి ఎంత అన్నది పడవ నీళ్లలోకి దిగకముందే కాగితం మీదికి రావాలి.